మన కొండలూ ద్వీపాలే: షెవరాయ్ పగటి బల్లులు చెప్పే కథ

బొమ్మిడి స్టేషన్‌లో రైలు దిగిన వారికి దక్షిణ దిక్కున షెవరాయ్ కొండలు గోడ కట్టినట్లు కనబడతాయి. ఆ కొండల మీదనే ఏర్కాడు ఉంది. తరతరాలుగా ఈ ప్రాంతపు తెలుగు కుటుంబాలు ఆ కొండ నీడలోనే చేను దున్నుకుంటూ, మామిడి తోపులు కాచుకుంటూ, వాణియారు నీటిని నమ్ముకుని బ్రతుకుతున్నాయి. కొండపైకి కాఫీ తోటల కూలికి వెళ్ళినవారున్నారు. కట్టెలకు, మేకల మేపుకు గుట్ట ఎక్కినవారున్నారు. అయినప్పటికీ ఆ కొండల బండల మీద, లోకంలో మరెక్కడా లేని ఒక చిన్న ప్రాణి నివసిస్తున్నదన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. శాస్త్రజ్ఞులకు సైతం 2000వ సంవత్సరం వరకు దాని పేరు తెలియదు. పేరు పెట్టనిదే ఉన్నదని చెప్పడం ఎట్లా?

ఆ ప్రాణి బల్లి. అయితే అది మన ఇంటి గోడ మీది బల్లి కాదు. పగటిపూట తిరిగే బల్లి.

రాత్రి బల్లి, పగటి బల్లి

బల్లి అనగానే మనకు గుర్తుకు వచ్చేది సాయంకాలం దీపం పెట్టిన తరువాత గోడమీద పురుగుల కోసం కాచుకుని కూర్చునే ప్రాణి. అది నిశాచరి. దాని కంటిపాప పగటి వెలుగులో నిలువు గీత వలె సన్నబడి, చీకటిలో విశాలంగా తెరుచుకుంటుంది. దాని వ్రేళ్ళ చివరలు పళ్ళెముల వలె వెడల్పుగా ఉంటాయి. ఆ వెడల్పు భాగం అడుగున కంటికి కనబడనంత సన్నని వెంట్రుకల వంటి నిర్మాణాలు లక్షల సంఖ్యలో ఉంటాయి. వాటి కొనలు గోడకు అతి సమీపంగా చేరినప్పుడు పదార్థపు అణువుల మధ్య సహజంగా ఉండే స్వల్పమైన ఆకర్షణయే లక్షల రెట్లు పెరిగి, బల్లిని పైకప్పుకు తలక్రిందులుగా సైతం నిలిపి ఉంచుతుంది. అందులో జిగురు లేదు, పీల్చి పట్టుకోవడమూ లేదు.

పగటి బల్లి ఈ సంప్రదాయానికి ఎదురు నడిచిన ప్రాణి. ప్రాచీన కాలంలో బల్లుల పూర్వీకులు తక్కిన తొండల వలె పగటిపూట తిరిగేవారనీ, తరువాత రాత్రి జీవితానికి అలవాటు పడ్డారనీ, వాటిలో కొన్ని శాఖలు మరల పగటికి తిరిగివచ్చాయనీ శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అట్లా తిరిగివచ్చిన వాటి కంటిపాప మన కంటిపాప వలె గుండ్రంగా ఉంటుంది. పగటి బల్లిని గుర్తుపట్టడానికి ఇదే మొదటి ఆనవాలు.

లోకంలో పగటి బల్లులు ఒకే వంశానివి కావు. వాటిలో మిక్కిలి ప్రసిద్ధి చెందినవి హిందూ మహాసముద్రపు దీవులలోని పచ్చ బల్లులు. మన కొండల మీద ఉన్నవి బూడిద, గోధుమ వన్నె గలవి. ఈ రెంటికీ దగ్గరి చుట్టరికం లేదు. అయినా రెండింటి కథా ఒకటే. దీవుల కథ ముందు తెలుసుకుంటే మన కొండ కథ సులభంగా బోధపడుతుంది.

తెలుగువారున్న దీవులలో పచ్చ బల్లులు

ఫెల్సూమా అనే ప్రజాతికి చెందిన పచ్చ బల్లులు ప్రధానంగా మడగాస్కర్, కొమొరోస్, సీషెల్స్, మారిషస్, రీయూనియన్ దీవులలో ఉన్నాయి. చిలుకపచ్చ దేహం, వీపున ఎర్రని చుక్కలు, కొన్నింటికి నీలి తోక. చూచినవారు బొమ్మకు రంగు వేశారేమో అని భ్రమపడేంత అందం. ఈ వంశంలో ఒక్క జాతి మాత్రం తక్కిన బంధువులందరికీ వేల కిలోమీటర్ల దూరంలో, మన అండమాన్ దీవులలో ఉన్నది. దానికి 1861లో శాస్త్రీయ నామం పెట్టినవాడు ఎడ్వర్డ్ బ్లైత్. ఆయన కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ మ్యూజియం పర్యవేక్షకుడుగా పనిచేసిన పండితుడు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుండి వెళ్ళి అండమాన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఆ బల్లి కొత్త కాదు. అరటి, కొబ్బరి, పోక చెట్ల మీదనే కాక ఇళ్ళ గోడల మీద కూడా అది పట్టపగలు తిరుగుతుంది.

మారిషస్ సంగతి ఇంకా ఆసక్తికరం. 1834 తరువాత చెరకు తోటల పనికి భారతదేశం నుండి కూలీలను తరలించినప్పుడు, కోరంగి రేవు మీదుగా వెళ్ళిన తెలుగువారిని అక్కడ కొరంగీలు అని పిలిచారు. నేటికీ ఆ దేశంలో ఉగాది ప్రభుత్వ సెలవు దినం. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడనే జరిగాయి. ఆ దీవిలోని నీలితోక పగటి బల్లి పురుగులను తినడమే కాక పూలలోని తేనెను కూడా నాకుతుంది. ఆ సమయంలో దాని మూతికి పుప్పొడి అంటుకుని ఒక పువ్వు నుండి మరొక పువ్వుకు చేరుతుంది. తేనెటీగ చేసే పనిని అక్కడ బల్లి చేస్తున్నదన్న మాట. మారిషస్‌లో కొన్ని అరుదైన పూలలో తేనె ఎర్రగా ఉంటుంది. పగటి బల్లులు రంగులేని తేనె కంటె ఇటువంటి రంగు తేనెనే ఎక్కువగా కోరుకుంటాయని పరిశోధకులు ప్రయోగం చేసి చూపారు. మరొక సంగతి మన పల్లెవాసులకు నచ్చుతుంది. ఈ బల్లులకు మొగలిపొదలు ఇష్టమైన ఆశ్రయం. మన మందార కుటుంబానికే చెందిన ట్రోకెషియా అనే మొక్క మొగలిపొదకు దగ్గరగా ఉంటే దానికి కాయలు ఎక్కువగా కాస్తాయి. దూరంగా ఉంటే తక్కువగా కాస్తాయి. పొద నరికితే బల్లి పోతుంది. బల్లి పోతే పక్కనున్న చెట్టు గొడ్డుబోతుంది.

దీవికొక జాతి ఎందుకు?

ఇంత చిన్న ప్రాణి సముద్రం నడుమనున్న దీవులకు ఎట్లా చేరింది? బల్లి గ్రుడ్లు గట్టి పెంకు గలవి. చాలా జాతులు వాటిని చెట్టు బెరడు సందులలోనో రాతి పగుళ్ళలోనో పెడతాయి. తుఫానుకు కూలిన చెట్టు నదిలో కొట్టుకొని సముద్రంలో పడి తేలుతూ పోతే, దాని సందులలో ఉన్న బల్లులు, గ్రుడ్లు కూడా పడవ ఎక్కినట్లు ప్రయాణిస్తాయి. లక్షల సంవత్సరాలలో ఏ ఒక్కసారో అట్టి మాను ఒక దీవి ఒడ్డుకు చేరితే చాలు, అక్కడ ఒక కొత్త వంశం ఆరంభమవుతుంది.

చేరిన తరువాత తిరిగి వెళ్ళే దారి ఉండదు. తరాలు గడిచిన కొద్దీ ఆ దీవి వానకు, ఎండకు, రాతికి, చెట్టుకు తగినట్లుగా ఆ వంశం మారుతుంది. మూల వంశానికీ దానికీ పొత్తు కుదరనంత భేదం ఏర్పడుతుంది. అప్పుడు అది వేరొక జాతి. మనకు ఇది తెలియని విషయం కాదు. సరిహద్దు జిల్లాల తెలుగును ఆలోచించండి. వందల ఏండ్ల క్రితం ఇటు వచ్చి తమిళ, కన్నడ సీమల మధ్య నిలిచిన మన ఇళ్ళ తెలుగు, గోదావరి తెలుగుకు భిన్నంగా మారింది. అక్కడ మరుగున పడిన మాటలు ఇక్కడ నిలిచాయి, ఇక్కడి మాటలు అక్కడివారికి తెలియవు. చుట్టూ వేరొక భాష ఉండి నడుమ నిలిచిన భాషా సమూహాన్ని ద్వీపంతో పోల్చడం అందుకే.

ద్వీపానికి వైభవమూ ఉంది, అపాయమూ ఉంది. మారిషస్‌కు తూర్పున ఉన్న రోడ్రిగ్స్ దీవిలో రెండు పెద్ద పగటి బల్లి జాతులు ఉండేవి. మనుషులు అడవి నరకడం, ఓడలతో పాటు ఎలుకలు, పిల్లులు దిగడం జరిగాక రెండూ నశించాయి. వాటిలో ఒకటి 1917 తరువాత ఎవరికీ కనబడలేదు. లోకంలో మరొక చోట ఉంటే తెచ్చి వదలవచ్చు. మరొక చోట లేదు గనుక కథ అంతటితో ముగిసింది.

దీనికి భిన్నమైన కథ కూడా అదే సముద్రంలో ఉంది. మారిషస్‌కు ఉత్తరాన సుమారు 22 కిలోమీటర్ల దూరంలో రౌండ్ ఐలండ్ అనే చిన్న దీవి ఉంది. దాని విస్తీర్ణం సుమారు రెండు చదరపు కిలోమీటర్లు, అంటే మన ఊళ్ళలో ఒక పెద్ద చెరువు ఆయకట్టంత. అక్కడ గుంథర్ పగటి బల్లి అనే పెద్ద జాతి ఉంది. అది పచ్చనిది కాదు, బూడిద వన్నెది, సుమారు 30 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. పూర్వం ఎవరో విడిచిన మేకలు, కుందేళ్ళు ఆ దీవిలోని చెట్టూ చేమా మేసివేయగా, నేల కొట్టుకుపోయి రాయి బయటపడింది. 1979 నాటికి మేకలను, 1986లో కుందేళ్ళను పూర్తిగా తొలగించారు. తాటి జాతి చెట్లు మరల మొలిచాయి, బల్లికి నీడ మిగిలింది. ఎలుకలు ఆ దీవికి ఎన్నడూ చేరకపోవడం దాని అదృష్టం. సమయానికి మేల్కొంటే ద్వీపాన్ని కాపాడవచ్చునని ఈ ఉదాహరణ చెబుతున్నది.

సముద్రం లేని ద్వీపాలు

ఇప్పుడు మన కొండకు తిరిగి వద్దాం. బొమ్మిడి చుట్టూ సముద్రం లేదు. కాని చిటికెనవ్రేలంత దేహం గల బల్లికి సముద్రమంటే ఉప్పునీరే కానక్కరలేదు. షెవరాయ్ కొండలు సముద్రమట్టానికి 1,600 మీటర్లకు పైగా లేచి నిలిచాయి. పైన చల్లదనం, మంచు, తడి బండలు, దట్టమైన చెట్ల నీడ. క్రింద మైదానంలో మే నెల ఎండ మనకు తెలిసినదే. నీడను, చెమ్మను నమ్ముకున్న ఆ ప్రాణికి ఎండిన చేలు, ఇసుక దారులు దాటి పక్క కొండకు చేరడం, మనిషి ఈదుకుంటూ సముద్రం దాటడం వంటిది. తూర్పున చిట్టేరి కొండలు మన కంటికి దగ్గరగానే కనబడతాయి. బల్లికి అవి మరొక ఖండం.

మన కొండల పగటి బల్లులు క్నెమాస్పిస్ అనే ప్రజాతికి చెందినవి. వీటి చరిత్రను మనం నిత్యం ఎక్కే రైలు మార్గంలోనే చెప్పుకోవచ్చు.

కాట్పాడి దగ్గర దిగితే వేలూరు కోట. ఆ కోట ప్రాంగణంలో దొరికిన నమూనాల ఆధారంగా ఒక పగటి బల్లి జాతిని 2000లో శాస్త్రలోకానికి పరిచయం చేశారు. ఆస్పత్రి పనికి వేలూరు వెళ్ళి కోట చూచి వచ్చిన మనవారు ఎందరో! ఆ రాళ్ళలో దాగిన బల్లిని గమనించినవారు అరుదు. అక్కడినుండి జోలార్‌పేట వస్తే ఏలగిరి కొండలు. ఆ కొండ పేరుతోనే 2020లో మరొక జాతిని ప్రకటించారు. అదే పరిశోధనలో, జోలార్‌పేట నుండి బెంగుళూరు వైపు వెళ్ళే మార్గంలోని కోలారు ప్రాంతపు జాతికి బంగారు గనుల జ్ఞాపకంగా ‘బంగార’ అని పేరు పెట్టారు. జోలార్‌పేట నుండి సేలం మార్గంలో తిరుపత్తూరు, సామల్‌పట్టి, మొరప్పూరు దాటితే మన బొమ్మిడి, షెవరాయ్ కొండలు. సేలం దాటి ఈరోడు వైపు పోతే శంకరిదుర్గం. ధీరన్ చిన్నమలైను ఆంగ్లేయులు 1805లో ఉరితీసిన కోట అదే. ఆ శంకరి బండల నుండి 2019లో ఇంకొక జాతి వెలుగులోకి వచ్చింది. ఒక పగటిలో రైలు దాటిపోయే దారిలో ఇన్ని జాతులు! ప్రతి ఒక్కటీ తన గుట్టను, తన బండను వదలనిది.

షెవరాయ్ కొండల సొంత కథ 2000లో మొదలైంది. ఆ సంవత్సరం ఇంద్రనీల్ దాస్, ఆరన్ బావర్ అనే శాస్త్రజ్ఞులు ఏర్కాడు పేరుతో క్నెమాస్పిస్ ఏర్కాడెన్సిస్ అనే జాతిని వర్ణించారు. వేలూరు కోట బల్లిని పరిచయం చేసినదీ వారే, అదే వ్యాసంలో. తరువాత 2019లో అక్షయ్ ఖాండేకర్, నిఖిల్ గైతొండే, ఇషాన్ అగర్వాల్ అదే షెవరాయ్ కొండల నుండి మరి రెండు కొత్త జాతులను ప్రకటించారు. వాటిలో ఒకదాని పేరు క్నెమాస్పిస్ షెవరాయెన్సిస్. 2022లో షెవరాయ్ పరిసరాలలోని వేర్వేరు కొండల సముదాయాల నుండి ఇంకా ఐదు జాతులు బయటపడ్డాయి. వాటిలో ఒకదానికి పచ్చమలై పేరు పెట్టారు. ఇంగ్లీషువారు 1820ల నుండి కాఫీ తోటలు వేసి, బంగళాలు కట్టి, ప్రతి మొక్కకూ లెక్క వ్రాసుకున్న కొండ ఇది. ఆ కొండ మీద ఈ బల్లులు పేరులేక ఇంతకాలం ఉండిపోయాయంటే, అవి పైచూపుకు ఒకదానివలె ఒకటి ఉండడమే ముఖ్య కారణం. పొలుసుల అమరిక, తొడల అడుగున ఉండే సూక్ష్మ రంధ్రాల సంఖ్య, వీటికి తోడు జన్యు పరీక్ష కలిస్తేనే భేదం తెలిసింది.

ఆంధ్ర సీమలోనూ ఇదే వరుస. 2020లో నెల్లూరు జిల్లా వెలికొండల నుండి ఒక కొత్త పగటి బల్లి జాతి నమోదైంది. అదే సంవత్సరం మదనపల్లె సమీపంలోని రుషివ్యాలీ బండల నుండి కూడా కొత్త బల్లులను గుర్తించారు. తూర్పు కనుమలంటే తెగిన దండ వంటి కొండలు. పశ్చిమ కనుమల వలె వరుసగా గోడలా నిలిచినవి కావు. ఆ తెగిన తావులే దీవుల మధ్య సముద్రమై, గుట్టకొక జాతిని కన్నాయి.

బండరాయి ఇచ్చిన ఆశ్రయం

ఏలగిరి, కోలారు బల్లుల జన్యువులను పరిశీలించిన పరిశోధకులు ఒక గొప్ప విషయం చెప్పారు. ఆ వంశాలు ఒకదానినుండి ఒకటి విడిపోయింది నిన్న మొన్న కాదు, మయోసీన్ అనే యుగంలో. అంటే సుమారు 2 కోట్ల 30 లక్షల నుండి 53 లక్షల సంవత్సరాల క్రితం నడుమ. అప్పటికి మనిషి అనేవాడు లేడు. ఆ యుగంలో దక్షిణాపథం క్రమంగా ఎండిపోసాగింది. తడి అడవులు వెనుకకు జరిగాయి. అడవి పోయినా, పెద్ద బండల నడుమ చీలికలలో చల్లదనం, చెమ్మ మిగిలాయి. బల్లులు ఆ చీలికలలో తలదాచుకుని కోట్ల ఏండ్లు గడిపాయి.

ఇది వినడానికి వింతగా ఉన్నా మన అనుభవానికి అందనిది కాదు. ఎండాకాలం మధ్యాహ్నం మేకలు తోలుకుని గుట్టకు పోయిన పిల్లవాడు రెండు బండల సందులో కూర్చుంటాడు. బయట నిప్పులు చెరిగే ఎండ ఉన్నా అక్కడ వీపుకు రాయి చల్లగా తగులుతుంది. ఆ చల్లదనమే ఒక వంశాన్ని కాపాడింది. మనం వట్టి రాయి అని తోసిపుచ్చే బండ, ప్రాణులకు కోట్ల ఏండ్ల ఇల్లు.

గుర్తుపట్టడం ఎట్లా?

గుట్ట మీద నీడపడిన బండల పక్కలు, పెద్ద చెట్ల మొదళ్ళు, పాత రాతి గోడలు చూడండి. మన గుట్టల పగటి బల్లి సాధారణంగా ముక్కు నుండి తోక మొదలు వరకు నాలుగు సెంటీమీటర్లకు మించదు. బూడిద, గోధుమ వన్నె మీద మచ్చలు ఉంటాయి. బండ రంగులో కలిసిపోతుంది. కదిలితే తప్ప కనబడదు. తొండ పిల్ల అనుకుని వదిలేసేవారే ఎక్కువ.

మూడు ఆనవాళ్ళు గుర్తుంచుకోవాలి. ఒకటి, కంటిపాప గుండ్రంగా ఉంటుంది. రెండు, వ్రేళ్ళు ఇంటి బల్లికి వలె వెడల్పుగా ఉండక, పక్షి వ్రేళ్ళ వలె సన్నగా, పొడవుగా, గోళ్ళతో ఉంటాయి. అందుచేత నున్నని అద్దం మీద అది నిలువలేదు, గరుకైన రాతిమీద మాత్రం చురుకుగా పరుగెత్తుతుంది. మూడు, దానికి రెప్పలు లేవు. తొండ కన్ను ఆర్పుతుంది, బల్లి ఆర్పదు. నాలుకతోనే కంటిని తుడుచుకుంటుంది. చిన్న పురుగులు, సాలీళ్ళు దీని ఆహారం. మనిషి అలికిడి వింటే రెప్పపాటులో చీలికలోకి దూరిపోతుంది.

చూచినప్పుడు పట్టుకోవద్దు. బల్లి తోక తెగితే మరల మొలుస్తుంది గదా అని పిల్లలు ఆట పట్టిస్తారు. నిజమే, మొలుస్తుంది. కాని తోకలో దాచుకున్న కొవ్వు పోతుంది, వేసవిలో ఆ నిల్వయే దానికి గడ్డివామి. దూరం నుండి ఫొటో తీసుకుంటే చాలు. బండను దొర్లించి చూడడం కూడా మంచిది కాదు. గ్రుడ్లు ఆ చీలికలోనే ఉంటాయి.

బల్లి విషమా?

మన ఇళ్ళలో బల్లి అంటే కొంత భక్తి, కొంత భయం. పంచాంగంలో బల్లిపాటు ఫలితాలు చూచుకుంటాం. ఏదో మాట అంటుండగా బల్లి పలికితే ‘సత్యం’ అని వ్రేలితో తడతాం. కంచి వరదరాజస్వామి ఆలయంలో బంగారు బల్లిని, వెండి బల్లిని తాకివచ్చిన పెద్దలు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. ఇవి విశ్వాసానికి సంబంధించినవి. ఆ విశ్వాసంలో బల్లిని చంపమని మాత్రం ఎక్కడా లేదు.

భయం సంగతి వేరు. మన దేశంలో ఏ బల్లికీ విషం లేదు. కోరలు లేవు, విషగ్రంథులు లేవు. మరి బల్లి పడిన పాలు త్రాగితే వాంతులు ఎందుకు అవుతాయి? బల్లి దేహం మీద, పేడలో సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులు ఉండవచ్చు. అవి ఆహారంలో చేరితే కడుపు చెడుతుంది. కనుక బల్లి పడిన పాలను, కూరను పారబోయడం సరైన పనే. పాత్రల మీద మూత పెట్టడం అంతకంటె సరైన పని. కాని గుట్ట మీది పగటి బల్లి మన వంటింటికి వచ్చేది కాదు. దానిని చూచి రాయి విసరవలసిన అవసరం ఎవరికీ లేదు.

అపాయం ఎక్కడ ఉంది?

దీవి చిన్నదైన కొద్దీ అపాయం పెద్దదవుతుంది. ఇంటి బల్లి ఒక ఊరిలో నశించినా పక్క ఊరిలో ఉంటుంది. షెవరాయ్ పగటి బల్లి షెవరాయ్‌లో నశిస్తే లోకంలో నశించినట్లే.

ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలు గ్రానైట్ రాతికి పేరుపడినవి. ఎందరో కూలీలకు, లారీ నడిపేవారికి ఆ రాయి అన్నం పెడుతున్నది. ఆ మాట మరువరాదు. కాని ఒక గుట్టను మొత్తంగా తీసివేసినప్పుడు మనం తీసివేసేది రాయిని మాత్రమే కాదు. చేనును వదిలిపెడితే పదేండ్లకు తిరిగి పొదలు పట్టవచ్చు. నరికిన చెట్టు చిగురించవచ్చు. కోసిన బండ తిరిగి పెరగదు. ఏ గుట్టను తవ్వవచ్చు, ఏ గుట్టను విడిచిపెట్టాలి అని నిర్ణయించేటప్పుడు దాని మీద ఏ ప్రాణి ఉన్నదో ముందు చూడాలని అడగడం అభివృద్ధికి అడ్డు చెప్పడం కాదు. పేరే తెలియని ప్రాణికి ఆ ప్రశ్న వేసేవారుండరు. 2000 నుండి 2022 వరకు జరిగిన నామకరణాల విలువ ఇక్కడనే ఉంది.

రెండవది నిప్పు. వేసవిలో కొత్త గడ్డి మొలుస్తుందని గుట్టకు నిప్పు పెట్టడం, ఆర్పని బీడీ పారవేయడం మనకు తెలిసిన అలవాట్లే. మంట పైపైన పోయినా, బండల మొదట ఉన్న ఆకుచెత్త, అందులోని పురుగులు, వాటిని నమ్ముకున్న బల్లులు మాడిపోతాయి. మూడవది వేడి. లోకం వేడెక్కుతున్న కొద్దీ మైదానపు ప్రాణి కొండెక్కి తప్పించుకోగలదు. కొండ కొన మీద ఉన్న ప్రాణి ఎక్కడికి ఎక్కాలి?

నిరాశ పడనక్కరలేదని చెప్పే ఉదాహరణ మన తెలుగునాటనే ఉన్నది. అండమాన్ పచ్చ బల్లికి పేరు పెట్టిన ఆ బ్లైత్ పండితుడే 1848లో కలివికోడికి కూడా శాస్త్రీయ నామం పెట్టాడు. ఆ పక్షి అంతరించిందనే లోకం అనుకున్నది. 1986లో కడప జిల్లా లంకమల ప్రాంతంలో మరల కనబడింది. దాని పేరు తెలియడం వలన, దాని తావు తెలియడం వలన అభయారణ్యం ఏర్పడింది, దాని పొదల గుండా రావలసిన తెలుగుగంగ కాలువ దారి సైతం మార్చారు. ఒక పిట్ట కోసం కాలువ వంగింది. అట్లని ఆ పక్షికి అపాయం తీరిపోలేదు, మరల దానిని చూడడం నేటికీ అరుదే. కాని ఆ పేరే లేకపోతే ఆ పాటి ప్రయత్నం కూడా జరిగేది కాదు.

మన చేతిలో ఉన్నది

బొమ్మిడి పరిసరాల కుటుంబాలు చేయదగినవి పెద్ద పనులు కావు. చేను గట్టున ఉన్న పెద్ద బండను అడ్డం అనుకోక దాని నీడను, చుట్టూ ఉన్న పొదను ఉండనివ్వడం. వేసవిలో గుట్టకు నిప్పు పెట్టకపోవడం, పెట్టినవారికి నచ్చజెప్పడం. కొండపైకి వెళ్ళినప్పుడు ప్లాస్టిక్ సంచులను, సీసాలను బండల సందులలో పారవేయకపోవడం. బడి పిల్లలకు ఇంటి బల్లికీ గుట్ట బల్లికీ గల భేదం చూపించడం. గ్రామసభలో రాతి తవ్వకం ప్రస్తావన వచ్చినప్పుడు ఆ గుట్ట మీద ఏమున్నదని ఒక ప్రశ్న అడగడం.

మన ఊరికి గుర్తింపు ఏమిటని ఎవరైనా అడిగితే, రైలు స్టేషన్ ఉన్నదనీ, ఏర్కాడు కొండ దగ్గరనీ చెబుతాం. ఇకమీదట మరొక మాట కూడా చెప్పవచ్చు. ఈ కొండ బండల మీద లోకంలో ఇంకెక్కడా లేని బల్లులు పట్టపగలు తిరుగుతాయనీ, మా పిల్లలు వాటిని గుర్తుపడతారనీ.